నాన్నకు శాలువా, చిన్నాన్నకు సేద్యం

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం సంక్రాంతి సంబరాల్లో భోగిపళ్ళు పోయడం అయ్యాక, ముగ్గుల పోటీ ఫలితాలకు ముందు, రైతు సన్మానం జరిగింది. గుర్తుండే ఉంటుంది. పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నల్లో ఊళ్ళో భూమి ఉన్నవాళ్ళను వేదిక మీదికి పిలిచి, అట్టతో చేసిన ఎద్దులబండి పక్కన నిలబెట్టి శాలువాలు కప్పారు. ఏడుగురిలో మా నాన్న మూడోవారు. మైకు చేతికిస్తే ఆయన అన్నది ఇంతే: “నేను సేద్యం మాని తొమ్మిదేళ్ళయింది. చేసే మనిషి ఊళ్ళో ఉన్నాడు. ఈ శాలువా అతనికి పంపమంటారా?”

హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. ఇంటికి వచ్చేదాకా కారులో ఆయనా మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. నా మౌనానికి కారణం వేరే ఉంది.

మాది కళ్యాణదుర్గం వైపు ఎర్రనేల, పదకొండు ఎకరాలు. అనంతపురం వాళ్ళకు చెప్పనక్కరలేదు, కోస్తా మిత్రుల కోసం చెబుతున్నాను: మాకు ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా వాన. అదీ శనక్కాయ ఊడలు దిగే వేళకు మొహం చాటేసి, కట్టె (కాయలతో ఉన్న శనక్కాయ మొక్కలు) పెరికి ఆరబెట్టాక వచ్చి తడిపిపోతుంది. నేను 2007లో ఇక్కడికి వచ్చేశాను. చెల్లెలు బెంగళూరులో స్థిరపడింది. అమ్మకు మోకాళ్ళు పట్టేశాయి. నాన్న ఎద్దుల్ని అమ్మేసి, భూమిని వరసకు చిన్నాన్న అయ్యే ఆయనకు గుత్తకు, అంటే కౌలుకు, ఇచ్చారు. కాగితం లేదు, నోటిమాటే.

2021 నవంబరు వానలు మీలో చాలామందికి గుర్తుండాలి. కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది అప్పుడే. మా చేలో చిన్నాన్న పెరికి వేసిన కట్టె అక్కడే నానిపోయింది, కాయలు మొలకెత్తాయి. తరువాత నష్టపరిహారం వచ్చింది. నాన్న ఖాతాలోకి! పంట నమోదు యజమాని పేరునే ఉంది మరి. చిన్నాన్న నాకు ఫోను చేశాడు. డబ్బు ఊసే ఎత్తలేదు. “ఏమప్పా, బాగున్నావా? అక్కడ చలి ఎక్కువట కదా” అని, పిల్లల చదువులు అడిగి, పెట్టేసే ముందు “వచ్చే పంటకైనా ఆ కార్డు కాగితం మీద అన్నతో ఒక సంతకం పెట్టించు” అన్నాడు. చూద్దాంలే చిన్నాన్నా అన్నాను.

పరిహారంలో సగం నాన్న ఆయనకు ఇచ్చారు. మిగతా సగం గుత్త బాకీ కింద పట్టుకున్నారు. మా నాన్న మంచివారు, ఊరంతా అదే మాట అంటుంది. సంతకం వద్దన్నది మాత్రం నేను.

ఆ కార్డు ఏమిటో తెలియని వాళ్ళకు: 2019లో రాష్ట్రంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. యజమాని, కౌలుదారు 11 నెలలకు ఒప్పందం రాసుకుంటే సాగుదారుకు కార్డు ఇస్తారు. పంట రుణం, బీమా, నష్టపరిహారం అడగడానికి అతనికి అదే ఆధారం. భూమి మీద హక్కు రాదు, పాసు పుస్తకంలో అక్షరం మారదు. కానీ యజమాని సంతకం లేనిదే కార్డు లేదు. అక్కడే అంతా ఆగిపోతోంది. “సంతకం పెడితే రేపు భూమి వదలడు” అనే మాట మన వాట్సాప్ బృందాల్లో ఎంత తిరిగిందో, ఎవరు తిప్పారో మనకు తెలుసు. నేనూ తిప్పాను.

మన జిల్లాలకు వలస కొత్తదా? కోసిగి, ఆదోని పల్లెల నుంచి గుంటూరు మిరప చేలకు ఏటా పిల్లాపాపలతో పోతారు. రాయచోటి, రాజంపేట ఆడవాళ్ళు కువైట్‌లో ఇంటిపనులు చేసి పంపిన డబ్బుతో ఎన్ని అప్పులు తీరాయో, ఎన్ని బోర్లు పడ్డాయో. కువైట్ ప్రభుత్వం వాళ్ళకు పౌరసత్వం ఇవ్వదు. ఇరవై ఏళ్ళున్నా చివరికి ఊరికి వచ్చి, తాము వేయించిన బోరు నీళ్ళే తాగాలి. అందుకే వాళ్ళ డబ్బు చేను ఎలా ఉందో అడుగుతుంది. మన డబ్బు ఎకరం ఎంత పలుకుతోందో అడుగుతుంది.

పైగా, విదేశీ మారక నిబంధనల ప్రకారం ప్రవాసులు సేద్యపు భూమి కొనకూడదు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. అయితే నాన్నల పేరున, బావమరదుల పేరున చేరిన ఎకరాలు ఎవరి డాలర్లతో వచ్చాయి? (ఎవరి పేరూ రాయను, కంగారు పడకండి.) 2017లో పెనుకొండ దగ్గర కియా కారుల కర్మాగారం ఖాయమయ్యాక ఆ చుట్టుపక్కల ధరలు ఎక్కడికి పోయాయో చూశాం. శనక్కాయ పండించి ఆ ధరకు వడ్డీ కూడా కట్టలేరు. ఇక చిన్నాన్న లాంటివాడు ఎన్ని జన్మలకు కొనగలడు?

మన డబ్బంతా చెడుపే చేసిందని నేను అనడం లేదు. 2012లో హంద్రీ-నీవా కాలువ నీళ్ళు జీడిపల్లి జలాశయం చేరాక, అమెరికా కొడుకు పంపిన డబ్బుతో మోటారు, పైపులు, డ్రిప్ పెట్టుకుని చీనీ (బత్తాయి) తోట నిలబెట్టిన తండ్రులు మా చుట్టాల్లోనే ఉన్నారు. సంఘం పల్లెల్లో పెట్టించిన మంచినీటి యంత్రాలకు నేనూ చందా ఇచ్చాను, మళ్ళీ ఇస్తాను. కానీ చందా ఇవ్వడం మనకు సులువు. సంతకం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వణుకుతోంది.

వేసవికి పెద్దవాళ్ళు చాలామంది తిరుగు ప్రయాణం కడతారు. వానలు పడి విత్తనం వేసేలోపు ఆ ఒప్పందం మీద వాళ్ళ సంతకం పడితే చాలు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు సంతకం పెట్టేముందు మనకే ఫోను చేసి అడుగుతారు. ఈసారి వద్దనకండి. 11 నెలలకే కనుక ఏటా గుర్తు చేయాలి, అది కొంచెం విసుగే.

సంఘం కార్యవర్గం (ఈసీ) వచ్చే సమావేశంలో పది నిమిషాలు అడిగాను, ఇస్తామన్నారు. ఒప్పంద పత్రం నకళ్ళు తెస్తాను. మా పదకొండు ఎకరాల పత్రం నింపడం అయింది. నాన్న బల్ల దగ్గర కూర్చుని రెండుసార్లు చదివి, చిన్నాన్న తండ్రి పేరులో ఒక అక్షరం తప్పు పడిందని దిద్దించారు.