ఆ తాతకి చట్టం నేర్పిందెవరట?

ఈ వారంలో ఈ మెసేజ్ రావడం ఇది నాలుగోసారి. మొదట పేరెంట్స్ గ్రూపులో వచ్చింది, తర్వాత మా బావగారు పంపారు, ఆపైన ఇంటర్ బ్యాచ్ వాళ్లు. నిన్నేమో అపార్ట్‌మెంట్ సెక్రటరీగారు దండం బొమ్మ తగిలించి మరీ పంపారు. "గోచీ నుంచి నల్లకోటు దాకా" అని దాని పేరు. చూడనివాళ్లకి క్లుప్తంగా: ఫిలిప్పీన్స్ కొండల్లో ఇగొరోట్లని ఒక తెగ. దుంపలు తిని, తలలు నరుక్కుంటూ బతికేవారు. భూమి ఎవరిదో, చట్టమంటే ఏమిటో తెలీదు. అమెరికావాళ్లొచ్చి బడి పెడితే అందులో చదివి ఒక తాత లాయరయ్యాడు, తనవాళ్లకి భూమి హక్కు తెచ్చాడు. రాజకీయాల్లోకెళ్లి స్వపరిపాలన సాధించాడు. "ఆడదాన్ని గొడ్డులా చూసే జాతిలో పుట్టి కూడా" ఒకే ఇల్లాలితో యాభై ఏళ్లు కాపురం చేశాడు. ఆ తాతకి పేరు లేదు, ఊరు లేదు. ఫొటోకి దండ మాత్రం ఉంది.

మా అమ్మాయి ఆ కొండల్లోని బాగియో నగరంలో చదువుతోంది కదా, "మీకు తెలిసే ఉంటుందండీ" అని అందరూ నాకే పంపుతున్నారు. కాస్త తెలుసు కాబట్టే ఒళ్లు మండుతోంది.

చిల్లర సంగతులు ముందు. ఇగొరోట్ అని ఒక్క తెగ లేదు. ఇబలోయ్, కంకనాయ్, బొంతోక్, ఇఫుగావ్, కలింగ, ఇలా ఎవరి భాష వాళ్లకుంది. ఇగొరోట్ అంటే "కొండమనిషి" అని, అంతే. దుంపలు తిని బతికే జాతి అన్న వాక్యం కిందే కొండకి మెట్లుగా కట్టిన వరిమళ్ల ఫొటో పెట్టారు. రాసినాయన కింద ఏ బొమ్మ పెట్టాడో చూసుకోలేదు కాబోలు. పైగా "2000 ఏళ్ల నాటివి, యునెస్కో గుర్తించింది" అని ఒక క్యాప్షన్. ఇఫుగావ్‌లవాళ్ల బనావె ఊరి వ్యూపాయింట్ నుంచి అందరూ తీసే ఆ ఫొటోలో ఉన్న మళ్లు 1995 నాటి యునెస్కో జాబితాలోని ఐదు చోట్లలో లేవు. రెండువేల ఏళ్ల మాట పాత పరిశోధకుల అంచనా. స్టీఫెన్ అకబాడో అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వి చూశాక, ఇఫుగావ్ తడిమళ్లు స్పెయిన్‌వాళ్లు ఈ కొండలున్న లూజోన్ దీవికి వచ్చిన తర్వాతవని, అంటే సుమారు 400 ఏళ్ల కిందటివని తేల్చాడు. ఈ విషయంలో నేనూ దొంగనే. పోయిన సంక్రాంతికి మా పిన్ని వాళ్లింట్లో "రెండువేల ఏళ్లు" అని గొంతెత్తి చెప్పింది నేనే.

తలలు నరకడం? నిజమే. ఊరికీ ఊరికీ పగలుండేవి, తలలు తెచ్చేవారు. దాచాల్సిన పని లేదు. అయితే 1904లో ఇదే మనుషుల్ని ఓడెక్కించి అమెరికాలో సెయింట్ లూయిస్ ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్లి, ఎప్పుడో క్రతువు కోసం కోసే కుక్కని జనం చూడ్డానికి మళ్లీ మళ్లీ కోయించి టిక్కెట్లు అమ్మిన నాగరికులెవరో కూడా మెసేజ్‌లో ఒక లైను రాసి ఉండాల్సింది.

ఇక అసలు విషం. "భూమి ఎవరిదో తెలీదు, అమెరికావాళ్లు నేర్పారు."

మతెయో కరీన్యో అని ఒక ఇబలోయ్ పెద్దమనిషి. బాగియోలో 146 హెక్టార్ల నేల ఆయనది. సైనిక అవసరాలకని, స్పెయిన్ తర్వాత ఆ దీవుల్ని ఏలుతున్న అమెరికా ప్రభుత్వం దాన్ని తీసేసుకుంది. ఆయన రిజిస్ట్రేషన్‌కి అర్జీ పెడితే సర్కారు వాదన ఏమిటయ్యా అంటే: స్పెయిన్ రాజు ఈ దీవుల్ని జయించాడు కాబట్టి నేలంతా రాజుది. రాజు నుంచి మేం తీసుకున్నాం కాబట్టి మాది. నీ దగ్గర స్పెయిన్ ఇచ్చిన పట్టా ఏదీ? అక్కడి బెంగెట్ కోర్టులో ఓడిపోయాడు. మనీలా సుప్రీంకోర్టులోనూ ఓడిపోయాడు. కేసు వాషింగ్టన్‌లో అమెరికా సుప్రీంకోర్టుకి వెళ్లింది. 1909 ఫిబ్రవరి 23న జస్టిస్ హోమ్స్ తీర్పు రాశాడు. సాక్ష్యంగానీ జ్ఞాపకంగానీ చేరగలిగినంత వెనక్కి చూసినా సొంత నేలగానే అనుభవిస్తూ వచ్చిన భూమి, స్పెయిన్ రాకముందు నుంచీ అలాగే ఉందనీ అది ఎన్నడూ ప్రభుత్వ భూమి కాదనీ అనుకోవాల్సిందేనన్నది దాని సారం.

తీర్పులో ఇంకో చిన్న సంగతుంది. కరీన్యో తాత ఆ నేలమీదే ఉండేవాడట, అక్కడి వాడుక ప్రకారం పశువుల్ని ఆపేందుకు కంచె కట్టి కాపాడుకున్నాడట. తండ్రి కొంత దున్నాడు, కొంత పశువులకి వదిలాడు. కోర్టు పట్టించుకున్నది ఆ కంచెని! మెసేజ్ రాసినాయనకి తాతే కావాలంటే ఈ తాత ఉన్నాడుగా. నల్లకోటు లేదు, బడి మెట్లెక్కలేదు, ఇది నాది అని కంచె కట్టాడు. మనవడు అమెరికా మీద అమెరికా కోర్టులోనే గెలిచాడు. ఎవరు ఎవరికి చట్టం నేర్పినట్టు? 1997లో ఫిలిప్పీన్స్ ఆదివాసీ హక్కుల చట్టం తెచ్చినప్పుడు, దాని మీద కేసు పడి సుప్రీంకోర్టు జడ్జీలు ఏడుగురు ఇటు ఏడుగురు అటు చీలిపోయినప్పుడు, అందరూ మళ్లీ తిరగేసింది ఈ తీర్పునే.

సరే, ఒకటి ఒప్పుకుంటాను, నాకే ఇష్టం లేకపోయినా. కరీన్యో తరఫున వాషింగ్టన్‌లో వాదించింది అమెరికన్ లాయర్లే. ఇంగ్లిష్ చదవగలిగిన మనిషి కొండకి ఎంత అవసరమో ఆ కేసే చెప్పింది. కొండల్లో సగాడా అనే ఊళ్లో ఎపిస్కోపల్ చర్చి మిషన్ బళ్లు, బాగియోలో బెల్జియం ఫాదరీల బడి లేకపోతే తర్వాతి తరంలో అంతమంది ఇగొరోట్ లాయర్లు వచ్చేవారు కాదు. అంతవరకు మెసేజ్ రైటే. కానీ వాళ్లు చేసింది, ఇంట్లో ఉన్న హక్కుని కోర్టుకి అర్థమయ్యే భాషలో రాసివ్వడం. హక్కు పుట్టించడం కాదు.

రాజకీయాలు. "స్వపరిపాలన సాధించాడు" అట. ఎక్కడ సాధించాడండీ? 1966లో పాత మౌంటెన్ ప్రావిన్స్‌ని నాలుగు ముక్కలు చేశారు. 1987లో కార్డిల్లెరాని, అంటే ఈ కొండప్రాంతాన్ని, ఒక పాలనా ప్రాంతం చేశారు. స్వయంప్రతిపత్తి కోసం 1990లో ఓటింగ్ పెడితే ఒక్క ఇఫుగావ్ ప్రావిన్స్ ఔనంది. 1998లో మళ్లీ పెడితే ఒక్క అపయావ్ ప్రావిన్స్ ఔనంది. వద్దన్నదీ కొండవాళ్లే. ఇగొరోట్ నాయకుడి అసలు తలనొప్పి వేరే ఉండేది. "ఇగొరోట్ ఫిలిపినోయే కాదు" అని 1943లో రాసిన ఫిలిప్పీన్స్ దౌత్యవేత్త కార్లోస్ రోములో 1949లో ఐక్యరాజ్యసమితి సర్వసభకి అధ్యక్షుడయ్యాడు. అలాంటి పెద్దలున్న మనీలాకి వెళ్లి పక్క కుర్చీలో కూర్చోవాలి మరి.

భార్య సంగతికొస్తే నవ్వొస్తుంది. మా అమ్మాయి అద్దెకుండే ఇంటి ఓనరమ్మ ఇఫుగావే. వాళ్ల తాతగారు నిజంగానే లాయరు. మెసేజ్ తర్జుమా చేసి వినిపిస్తే ఆవిడ చేస్తున్న పని ఆపేసి నవ్విందట. ఆయన కోర్టులో ఎంత అరిచినా, ఇంటికొచ్చాక ఫలానా మడి అమ్ముదామా అని అమ్మమ్మనే అడగాలట. మడి ఆవిడ పుట్టింటిది మరి. ఇఫుగావ్ పద్ధతిలో పెద్ద సంతానానికి మంచి మడి, అది ఆడపిల్లైనా సరే. పెళ్లయినా ఎవరి వారసత్వం వారిదే. విడిపోవాలంటే ఇద్దరిలో ఎవరైనా అడగొచ్చు, ఎవరి మడి వారు తీసుకుపోతారు. ఆ తాత ఆ ఇల్లాలితో యాభై ఏళ్లున్నాడంటే, ఆవిడ ఉండనిచ్చింది అని కూడా అర్థం. మన సెక్రటరీగారు తన ఫ్లాట్ ఎవరి పేరున ఉందో ఓసారి చెబితే ఆడదాని విలువ గురించి మిగతాది మాట్లాడుకుందాం.

కరీన్యో ఏమయ్యాడని అడుగుతారేమో. తీర్పు రాకముందే, 1908లో పోయాడు. ఆ నేల క్యాంప్ జాన్ హే సైనిక స్థావరంలో కలిసిపోయింది. 1991లో అమెరికావాళ్లు వెళ్లిపోయినా వారసులు ఇంకా అడుగుతూనే ఉన్నారు. పోయిన డిసెంబర్లో మా అమ్మాయి అక్కణ్నుంచి ఫొటో పంపింది. వెనక పైన్ చెట్లు, ముందు పచ్చటి గడ్డి, ఎవరో టోపీ పెట్టుకుని గోల్ఫ్ ఆడుతున్నారు.