ఒరాంగుటాన్‌కు రెండు రోజులు, డాయక్‌కు ఒక పూట

ఇండొనేషియాలోని కుమాయ్ రేవు నుంచి బయల్దేరే పడవ యాత్రల కార్యక్రమాలు దాదాపు అన్నీ ఒకే తీరుగా ఉంటాయి. మొదటి రోజు మధ్యాహ్నం ఒరాంగుటాన్లనే పెద్ద తోకలేని వానరాలకు మేత వేసే చోటు. రెండో రోజు ఉదయం ఇంకో మేత వేదిక, మధ్యాహ్నం క్యాంప్ లీకీ అనే పరిశోధన శిబిరం. దారిలో పొడవు ముక్కు కోతులు, చీకటి పడ్డాక మిణుగురులు. చివరి రోజు తీరిక ఉంటే అక్కడి ఆదివాసులైన డాయక్‌ల గ్రామం: స్వాగత నృత్యం, ఈకల కిరీటంతో ఒక ఫొటో, పేము బుట్టల కొనుగోలు, ఆపైన విమానాశ్రయం. నా అభ్యంతరమంతా ఈ వరుస మీదే. అడవి జంతువుదనీ, దాన్ని కాపాడేది బయటినుంచి వచ్చినవాళ్లనీ, అక్కడి మనిషి ఆ దృశ్యానికి ఒక అలంకారమనీ ఈ వరుస చెబుతోంది. ఇలా చూసినంతకాలం డాయక్‌కు న్యాయం జరగదు, ఒరాంగుటాన్ కూడా మిగలదు.

ఈ పడవలు వెళ్లే తంజుంగ్ పుతింగ్ గురించి తెలిసినవారికి కొత్తగా చెప్పేదేమీ లేదు. బోర్నియో దీవిలోని ఇండొనేషియా భాగాన్ని కాలిమంతన్ అంటారు. అందులోని మధ్య కాలిమంతన్ ప్రావిన్సులో నాలుగు వేల చదరపు కిలోమీటర్లకు పైబడిన చిత్తడి అడవి, 1982 నుంచి జాతీయ పార్కు. 1971లో బిరూటే గాల్డికాస్ అనే పాతికేళ్ల పరిశోధకురాలు భర్తతో కలిసి అక్కడ మకాం వేసి, దానికి తన గురువు లూయీ లీకీ పేరు పెట్టారు. ఇళ్లలో గొలుసులతో కట్టేసి పెంచిన ఒరాంగుటాన్లను విడిపించి తెచ్చి, మళ్లీ అడవి నేర్పిన చోటు అది. ఇప్పుడు అరటిపళ్ల కోసం వేదికల మీదికి దిగేవి చాలావరకు అవీ, వాటి సంతానమూ. యాత్రికులు ఎక్కే రెండంతస్తుల చెక్క పడవ పేరు క్లోతోక్. ఇంజను చేసే చప్పుడే దాని పేరయింది. పై అంతస్తులో తిండి, చూపు, రాత్రి దోమతెర కింద నిద్ర. కింద వంట.

ఆ పడవ మీద కూర్చున్నవారు చూడవలసింది కొమ్మల్లోనే కాదు, నీళ్లలోనూ ఉంది. సెకోన్యెర్ నది ప్రధాన పాయ బురద రంగులో ఉంటుంది. ఎగువన బంగారం కోసం నేలను తోడి కడిగిన మట్టి అందులో కలుస్తోంది. క్యాంప్ లీకీ వైపు చీలే పాయలోకి తిరగగానే నీళ్లు నల్లగా, కాఫీ డికాక్షన్‌లా, తేటగా మారిపోతాయి. వేల ఏళ్లుగా కుళ్లీ కుళ్లని ఆకులూ కొమ్మలూ పేరుకున్న పీట్ నేల ఆ రంగునిస్తుంది. నది పూర్వపు రంగు అదే. గట్ల సంగతీ అంతే. ఒక గట్టున పార్కు. రెండో గట్టున నీటి వెంబడి పలచటి చెట్ల వరుస, దాని వెనక కొంత దూరంలోనే పామాయిల్ తోటలు. పడవలో నుంచి తోట కనిపించదు. కాబట్టి ఫొటోల్లోనూ కనిపించదు.

ఈ జంతువు పరిస్థితి నిజంగానే దయనీయం. బోర్నియో ఒరాంగుటాన్ తీవ్రంగా అంతరించిపోతున్న జాతి అని 2016లో అంతర్జాతీయ జాబితాకెక్కింది. తల్లి ఒక పిల్లకూ మరో పిల్లకూ మధ్య ఏడెనిమిదేళ్లు తీసుకుంటుంది. ఒక్క ఆడది చచ్చినా ఆ లోటు ఒక తరంలో పూడదు. 1999 నుంచి 2015 వరకు బోర్నియోలో లక్షకు పైగా ఒరాంగుటాన్లు లేకుండా పోయాయని 2018లో ఒక శాస్త్రవేత్తల బృందం లెక్కగట్టింది. ఆ అధ్యయనంలో నన్ను ఆపేసిన విషయం మరొకటి ఉంది. పోయినవాటిలో ఎక్కువ భాగం నరికేసిన అడవిలోవి కావు, ఇంకా నిలిచి ఉన్న అడవిలోవే. అంటే చెట్లు ఉన్నా చంపుడు ఆగలేదు. పైగా కాలిమంతన్‌లో ఒరాంగుటాన్లలో అధిక భాగం రక్షిత ప్రాంతాల బయటే బతుకుతున్నాయి. పార్కు గేటు దగ్గర టికెట్టు కొని మనం చూసేది ఆ జాతిలో ఒక చిన్న వాటా. మిగతావాటి ప్రాణం ఊళ్ల చేతుల్లో, ఊళ్ల పక్కనున్న కంపెనీల చేతుల్లో ఉంది.

ఇక ఆ ఊళ్లవారెవరు? డాయక్ అన్నది ఒక తెగ పేరు కాదు. నది ఎగువన, లోపలి భూముల్లో ఉండేవారని చెప్పే మాట, బయటివాళ్లు తగిలించిన పేరు. న్గాజు, ఇబాన్, కెన్యాహ్, కయాన్, ఓత్ దానుమ్, తొమున్ ఇలా ఎన్నో జనాలు, ఎన్నో భాషలు. ఇండొనేషియా 2010 జనగణన ప్రకారం వీరు 30 లక్షల మంది. యాత్రల ప్రకటనలు ఇప్పటికీ వీరిని ‘తలలు నరికే తెగలు’ అని అమ్ముకుంటున్నాయి. ఆ ఆచారానికి స్వస్తి చెప్పాలని బోర్నియో నలుమూలల నుంచి డాయక్ పెద్దలు తుంబాంగ్ అనోయ్ అనే ఊళ్లో సమావేశమై తీర్మానించుకున్నది 1894లో. నూట ముప్పై ఏళ్ల కిందట వాళ్లు వదిలేసిన దాన్ని మనం ఇంకా వదలలేదు! వాళ్లు పోరాడి సాధించుకున్న వాటి సంగతి ఏ గైడూ చెప్పడు. 1957లో మధ్య కాలిమంతన్ ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడింది డాయక్‌ల ఆందోళన వల్లే. వారి కహరింగాన్ విశ్వాసానికి ప్రభుత్వ గుర్తింపు దొరికింది 1980లో, అదీ హిందూ మతంలో ఒక శాఖగా నమోదు చేసుకున్నాకే. ఇంకో మాట కూడా చెప్పాలి. సెకోన్యెర్ ఒడ్డున పడవలు ఆగే గ్రామంలో ఎక్కువమంది మలయ్ ముస్లింలు. ఆ ఊరు ఒకప్పుడు పార్కు వైపు గట్టున ఉండేది, అవతలి గట్టుకు తరలించారు. అడవి ఒడ్డున కనిపించిన ప్రతివారినీ ‘డాయక్’ అనేసే తొందరలో ఆ తరలింపు కథ ఎవరికీ పట్టదు.

నేను గట్టిగా నమ్మే విషయానికి వస్తాను. ఆ అడవిని మనం మనిషి తాకని అడవి అనుకుంటున్నాం. కాదు. పశ్చిమ కాలిమంతన్‌లో తెంబావాంగ్ అనే తోపులున్నాయి. పాత ఊరు వదిలి కొత్త చోటికి వెళ్లినప్పుడు ఎన్నో కుటుంబాలు కలిసి ఉండే పొడవింటి చుట్టూ పెంచిన దురియన్, రంబుటాన్, తెంకవాంగ్ చెట్లను అలాగే ఉంచేస్తారు. రెండు మూడు తరాలకు అది బయటివాడి కంటికి దట్టమైన అడవి, ఊరివాడికి తాతల తోట. ఏ చెట్టు ఏ కుటుంబానిదో వారికి నోటికి వచ్చు. ఇక లాడాంగ్. తెలుగు పాఠకులకు దీన్ని వివరించే పని లేదు, అది మన పోడే. చిన్న అడవి ముక్క నరికి, ఎండబెట్టి, కాల్చి, వాన పడగానే మగవాళ్లు మొనదేలిన కర్రతో గుంతలు చేస్తూ పోతుంటే ఆడవాళ్లు వెనకే వరి గింజలు వేస్తారు. ఒకటి రెండు పంటల తర్వాత ఆ నేలను ఏళ్ల తరబడి విడిచిపెడతారు. ఆ విరామంలో పేము, రబ్బరు నాటుకుంటారు. అడవి తిరిగి లేస్తుంది. కొండరెడ్లు చేసిందీ ఇదే, న్గాజు రైతు చేసేదీ ఇదే.

అయినా అడవి తగలబడిన ప్రతిసారీ నేరం పోడు రైతు నెత్తినే పడుతుంది. 2015లో ఇండొనేషియాలో 26 లక్షల హెక్టార్లు కాలిపోయాయి, మధ్య కాలిమంతన్ రాజధాని పాలంకరాయా పసుపు రంగు పొగలో వారాల పాటు మునిగింది. 1,600 కోట్ల డాలర్ల నష్టమని ప్రపంచ బ్యాంకు అంచనా. ఆ మంటల మూలం వెతికితే 1995 దగ్గరికి వెళ్లాలి. పది లక్షల హెక్టార్ల పీట్ నేలను వరి పొలాలుగా మార్చాలని అప్పటి అధ్యక్షుడు సుహార్తో ఆదేశించారు. అడవి కొట్టి, వేల కిలోమీటర్ల కాలువలు తవ్వి నేలలోని నీటిని తోడేశారు. వరి పండలేదు. నీరు పోయిన పీట్ మాత్రం ఎండుగడ్డిలా అంటుకునే స్థితికి వచ్చింది, ఇప్పటికీ అదే స్థితి. 2009 నాటి పర్యావరణ చట్టం సంప్రదాయ రైతు కుటుంబానికి రెండు హెక్టార్ల వరకు కాల్చుకునే వీలు ఇచ్చింది. కానీ 2015 తర్వాత అలాంటి రైతుల మీదా కేసులు పెట్టారు. పశ్చిమ కాలిమంతన్‌లోని సింతాంగ్‌లో ఆరుగురు రైతులు కోర్టు బోనెక్కారు. 2020 మార్చిలో న్యాయస్థానం వారిని నిర్దోషులంది. అప్పటికి ఆ కుటుంబాలు పడవలసిన యాతన పడ్డాయి.

ఎదుటి వాదన నాకు తెలుసు. యాత్రికులు రాకపోతే తంజుంగ్ పుతింగ్ ఎప్పుడో పోయేదంటారు. సుహార్తో పతనం తర్వాత ఆ పార్కులోంచే రామిన్ కలపను బహిరంగంగా నరికి తరలించారన్నది నిజం. పడవల యజమానులు, వంటవాళ్లు, గైడ్లు, కాపలాదారులు ఒరాంగుటాన్ బతికుంటేనే తింటారన్నదీ నిజం. డాయక్‌లందరూ అడవి రక్షకులేమీ కాదు. మాంసం కోసం ఒరాంగుటాన్‌ను చంపినవారున్నారు, కంపెనీకి భూమి అమ్ముకున్నవారున్నారు. ఇవన్నీ ఒప్పుకుంటాను. అందుకే యాత్ర మానమనడం లేదు. కానీ భూమి మీద హక్కు లేనివాడు దాన్ని వచ్చినంతకు అమ్ముకోవడంలో ఆశ్చర్యమేముంది? కంపెనీ యంత్రం రేపు ఎలాగూ వస్తుందని తెలిసినవాడికి చెట్టును దాచుకోవడానికి కారణమేముంది?

2013 మే నెలలో ఇండొనేషియా రాజ్యాంగ న్యాయస్థానం ఒక్క మాట కొట్టేసింది. 1999 అటవీ చట్టం ‘ఆదివాసీ సమాజాల పరిధిలోని ప్రభుత్వ అడవే ఆచార అడవి’ అని నిర్వచించింది. అందులోంచి ‘ప్రభుత్వ’ అన్న మాటను తీసేసి, ఆ అడవి ఆ సమాజానిదే అని కోర్టు తేల్చింది. ఒరాంగుటాన్ కోసం ఆ దేశంలో జరిగిన అన్ని పనుల్లోకీ అతి పెద్దది ఇదేనని నేను భావిస్తాను. అయితే తీర్పు నేల మీదికి నత్త నడకన వస్తోంది. పశ్చిమ కాలిమంతన్‌లో సుంగాయ్ ఉతిక్ ఇబాన్‌లు దశాబ్దాల పాటు కలప కంపెనీలను అడ్డుకుని, 2020లో తొమ్మిది వేల హెక్టార్లకు పైగా అడవికి గుర్తింపు తెచ్చుకున్నారు. అదే ఏడాది ఆగస్టులో, కుమాయ్‌కి పొరుగు జిల్లా లమందావులో, కినిపాన్ గ్రామపు తొమున్ డాయక్ నాయకుణ్ణి పోలీసులు ఇంటినుంచి ఈడ్చుకెళ్లారు. పామాయిల్ కంపెనీ తమ అడవిని నరుకుతుంటే ఊరు అడ్డుపడటమే దానికి నేపథ్యం. దేశమంతా నిరసన రేగాక మర్నాడు వదిలారు. ఈకల కిరీటంతో ఫొటో దిగే యాత్రికుల్లో ఎందరికి కినిపాన్ పేరు తెలుసు?

ఈ కథ మనకు కొత్తది కాదు. నల్లమలలో పులి కోసం వెళ్లే వాహనం చెంచు పెంటల పక్క నుంచే పోతుంది. పులికి స్థలం కావాలన్నప్పుడల్లా ముందు జరగమనేది చెంచులనే. 2019లో అదే నల్లమలలో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు ముందు లేచిన గొంతుల్లో చెంచులవీ ఉన్నాయి. ఆ ఒత్తిడే సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ చేత వ్యతిరేక తీర్మానం చేయించింది. 2006 అటవీ హక్కుల చట్టం ఉన్న దేశంలోనే పరిస్థితి ఇలా ఉంటే, అలాంటి చట్టం కోసం ఇంకా ఎదురుచూస్తున్న డాయక్‌ల సంగతి చెప్పనక్కర్లేదు.

పైగా ఆ నదికి మనం దూరం కూడా కాదు. ప్రపంచంలో పామాయిల్‌ను అత్యధికంగా దిగుమతి చేసుకునే దేశం మనదే, ఇటీవలి ఏళ్లలో ఏటా 75 లక్షల టన్నులకు పైనే. అందులో పెద్ద వాటా ఇండొనేషియాది. కాకినాడ, కృష్ణపట్నం రేవుల్లో ముడి నూనె దిగుతుంది, అక్కడి శుద్ధి కర్మాగారాల్లో ప్యాకెట్లకెక్కుతుంది. మిర్చిబజ్జీ బండి మీద మరిగేది అదే, ఉమ్మడి రాష్ట్రంలో రేషన్ దుకాణం ఇచ్చిన పామోలిన్ అదే. 2022 ఏప్రిల్ ఆఖరున ఇండొనేషియా ఎగుమతులు ఆపిన ఆ మూడు వారాలు మన వంటిళ్లు ఎంత అల్లాడాయో గుర్తుంది కదా. పామాయిల్ మానేయమని పేదవాడికి చెప్పే హక్కు నాకు లేదు. ఎకరానికి అంత నూనె ఇచ్చే పంట మరొకటి లేదు కాబట్టి, మానేస్తే ఇంకా ఎక్కువ నేల కావలసి వస్తుంది కూడా. ఎవరి నేల మీద పండిందని అడిగే హక్కు మాత్రం ఉంది. 2020 తర్వాత అడవి కొట్టి వేసిన తోటల సరుకునూ, భూమి హక్కులను కాలరాసి పండించిన సరుకునూ రానివ్వకూడదని యూరప్ 2023లో చట్టం చేసింది. అమలును వాయిదా వేస్తూ వస్తోంది గానీ కనీసం ప్రశ్న వేసింది. అంతకంటే ఎక్కువ కొనే మనం ఆ ప్రశ్న కూడా వేయలేదు. కాకినాడలో దిగే ప్రతి ఓడ సరుకుకూ అది ఏ తోటదో, ఆ తోట కింద ఏ ఊరి ఆచార అడవి ఉందో కాగితం చూపమని మన దిగుమతి నిబంధనల్లో రాయాలి. సెకోన్యెర్ మీద పడవ ఎక్కే తెలుగువారు యాత్ర నిర్వాహకుణ్ణి చివరి పూట నృత్యం బదులు లమందావు వైపు రెండు రోజులు అడగాలి, అక్కడివారు పిలిస్తేనే వెళ్లాలి. వెళ్లి, ఆ ఊరి పెద్ద గీయించుకున్న అడవి పటాన్ని ముందేసుకుని కూర్చోవాలి.