మోయాబ్‌లో పల్లేరు కాయ

అమెరికాలో యూటా రాష్ట్రపు ఎడారిలో మోయాబ్ అని చిన్న ఊరుంది. కొలరాడో నది పక్కన, సుమారు 4,000 అడుగుల ఎత్తున. జనాభా ఐదు వేల చిల్లర. 1952లో చార్లీ స్టీన్ అనే ఆయనకు దగ్గర్లో యురేనియం దొరికాక ఒకసారి ఊరు కిక్కిరిసింది. ఇప్పుడు ఆర్చెస్, కాన్యన్‌ల్యాండ్స్ పార్కులు చూడ్డానికి వచ్చేవాళ్లతో, జీపులతో, సైకిళ్లతో కిక్కిరుస్తోంది. వచ్చేవాళ్లంతా ఎండకు భయపడతారు, లోయలకు భయపడతారు. మనిషికి రోజుకో గాలను నీళ్లు కారెక్కిస్తారు. మంచిదే. కానీ సైకిలు తెచ్చుకున్నవాడి కొంప ముంచేది వీటిలో ఏదీ కాదు. చేలగట్ల మీద మన అరికాళ్లకు గుచ్చుకునే పల్లేరు కాయ.

పోలిక కాదు, అచ్చంగా అదే మొక్క. నేలకు పరుచుకుని, ఐదు రేకుల పసుప్పచ్చ పూలు పూసి, ఏమీ ఎరగనట్టు పడుంటుంది. కాయ ఎండితే ఐదు ముక్కలవుతుంది. ముక్కకు రెండు గట్టి ముళ్లు. ఎలా పడినా ఒక ముల్లు దాదాపు పైకే చూస్తుంది. దీన్ని అణచడానికి 1961లో అమెరికావాళ్లు పల్లేరును తినే ముక్కు పురుగుల్ని తెచ్చి వదిలారు కూడా. చలి ఎక్కువున్న చోట పురుగులు బతకలేకపోయాయి, పల్లేరు మాత్రం విత్తనంగా హాయిగా బతికేసింది.

ఇంకో కిటుకుంది. మోయాబ్‌లో సైకిలు తొక్కడానికి హాయిగా ఉండే కాలం సెప్టెంబరు, అక్టోబరు. కాయలు ఎండి రాలే కాలమూ అదే.

ఇప్పుడు డెన్వర్ నుంచి 350 మైళ్లు కారు వెనక సైకిళ్లు కట్టుకొచ్చిన ఒక బావనూ, బావమరిదినీ, వెంట వచ్చిన అక్కనూ, వాళ్ల పిల్లాడినీ ఊహించుకోండి. వెళ్లాల్సింది స్లిక్‌రాక్ ట్రైల్. 1969లో మోటారు సైకిళ్ల కోసం గుర్తులు పెట్టిన దారి అది. ఇసుకరాతి గుట్టల మీద తెల్ల పెయింటు గీతలు పట్టుకుని 10.5 మైళ్లు పోవాలి. అక్కడ మోకాలు చెక్కుకుపోవచ్చు గానీ ముల్లు గుచ్చుకోదు, ఉత్త బండ మీద పల్లేరు ఏం మొలుస్తుంది? దానికి మనిషి కెలికిన నేల కావాలి. పార్కింగు అంచు, రోడ్డు మార్జిను, మోటెల్ వెనక ఖాళీ స్థలం. బావమరిది సరిగ్గా ఆ ఖాళీ స్థలంలోంచే అడ్డదారి పట్టాడు, నలభై అడుగులు కలిసొస్తాయని.

"బావా, వెనక చక్రం బరువుగా ఉందేంటి?"

"నువ్వే బరువెక్కావురా."

టైరుకు పన్నెండు కాయలు. అది ట్యూబు లేని టైరే. లోపల పోసే సీలెంటు, అంటే బెజ్జాలు పూడ్చే ద్రవం, పచ్చిగా ఉంటే భయం లేదు, ముల్లు పీకి ఆ బెజ్జాన్ని కిందికి తిప్పి పెడితే పాలలాంటి ఆ ద్రవం తనే పూడ్చుకుంటుంది. కానీ 29 అంగుళాల టైరుకు కనీసం 100 మిల్లీలీటర్లుండాలి. ఎడారి గాలికి రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది. వీళ్లది సైకిలు కొన్ననాడు పోసింది. టైరు ఊపితే గలగలమనాలి, ఊపితే ఏ చప్పుడూ లేదు. లోపల రబ్బరు పొర మాత్రం మిగిలింది.

అయితే ట్యూబు వేసుకోవాలి. చైనును అన్నిటికన్నా చిన్న పళ్ల చక్రం మీదికి తెచ్చి, ఇరుసు విప్పి, వెనక చక్రం తీశారు. ట్యూబుకు తన వాల్వు ఉంటుంది కాబట్టి పాత వాల్వు తీసెయ్యాలి, దాని నట్టేమో బిగుసుకుపోయింది, వేళ్లకు లొంగదు, ప్లయర్సు కావాలి. దానికోసం బావ కారు డిక్కీ వెతుకుతుంటే, అక్కడే పులిహోర తింటున్న పిల్లాడు వచ్చి బ్రేకు లీవరు కసిగా నాలుగుసార్లు నొక్కాడు. చక్రం లేనప్పుడు డిస్కు బ్రేకు నొక్కితే ప్యాడ్లు రెండూ దగ్గరికొచ్చేస్తాయి, ఆ తర్వాత డిస్కు దూరమన్నా దూరదు. టైరు ఊడదీసే ప్లాస్టిక్ లీవరు, శుభ్రమైనది, మధ్యలో పెట్టి మెల్లగా ఎడం చెయ్యాలి. పిల్లాడు డిస్కును కూడా పట్టుకుని చూశాడు. పులిహోర నూనె తగిలిన డిస్కుకు ఆల్కహాలు రాసి తుడవకపోతే బ్రేకు కీచుమంటుంది, పట్టదు.

ట్యూబు ఎక్కింది. గాలికి చిన్న కార్బన్ డయాక్సైడు గ్యాసు బుడ్డి తెచ్చారు, పంపు బరువని ఇంట్లో వదిలేశారు. 16 గ్రాముల బుడ్డి అంత టైరును సగం సగంగానే నింపుతుంది, 25 గ్రాములది తెచ్చుకోవాలి. గ్యాసు వదిలేటప్పుడు బుడ్డి మంచుముద్ద అవుతుంది, వట్టి చేత్తో పట్టుకుంటే చర్మం అంటుకుంటుంది. బావ కేక మోటెల్ రిసెప్షన్ దాకా వినిపించింది.

రెండు నిమిషాల్లో టైరు మళ్లీ చప్పబడింది.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. కాకపోతే ఈ రోకలి ఎవరో వేసింది కాదు. బయట కనిపించే కాయలు పీకారు గానీ, విరిగిన మొనలు టైరు లోపల అలాగే ఉన్నాయి. సీలెంటు పచ్చిగా ఉన్న రోజుల్లో దిగి, దాని పుణ్యమా అని ఎవరికీ తెలియకుండా ఉండిపోయిన పాత ముళ్లు కూడా ఉన్నాయి. కొత్త ట్యూబు దొరకగానే అన్నీ కలిసి పని పట్టాయి. టైరు లోపలంతా తడిమి చూడందే ట్యూబు వెయ్యకూడదు. వేళ్లతో తడిమితే వేళ్లకు దిగుతాయి, గుడ్డతో రాయాలి, ముల్లున్న చోట గుడ్డ పట్టేస్తుంది.

"ఏమండీ, అది నా చున్నీ!" అంది అక్క.

ఏడు మొనలు దొరికాయి. ట్యూబుకు ప్యాచ్ వెయ్యాలి. ఉప్పుకాగితంతో గరుకు చేసి, సొల్యూషను పల్చగా రాసి, తడి ఆరి జిగట పుట్టేదాకా ఐదు నిమిషాలు ఆగి, అప్పుడు అతికించి నొక్కాలి. మనవాళ్లు ఓడేది ఆ ఐదు నిమిషాల దగ్గరే. రాయగానే అంటిస్తారు, అది జారుతుంది. ఇక్కడ అక్క గడియారం పట్టుకుని కూర్చుంది కాబట్టి ప్యాచ్ నిలబడింది. రెండో బుడ్డి కూడా ఖర్చయింది. ఈలోగా బావమరిది ముందు చక్రం వైపు చూశాడు. అది అదే ఖాళీ స్థలంలోంచి వచ్చిందని అప్పుడు గుర్తొచ్చింది. స్పేరు ట్యూబు ఒక్కటే తెచ్చుకున్నారు. దుకాణానికి నడిచివెళ్లి ఇంకోటీ, ఒక చేతిపంపూ కొనుక్కొచ్చేసరికి పొద్దు వాలింది. స్లిక్‌రాక్ రేపటికి పడింది.

తెల్లారి చూస్తే పంపుతో గాలి కొట్టిన ముందు చక్రం రాయిలా ఉంది, వెనకది మెత్తబడింది. బావ అనుమానమంతా పిల్లాడి మీదే.

"రాత్రి గాలి తీశావా లేదా, నిజం చెప్పు!"

పాపం వాడేం తీయలేదు. కార్బన్ డయాక్సైడు మామూలు గాలి కన్నా చాలా వేగంగా ట్యూబు రబ్బరులోంచే బయటికి పోతుంది. బుడ్డితో నింపిన టైరును ఇంటికి రాగానే ఖాళీ చేసి, పంపుతో మళ్లీ కొట్టుకోవాలి. బావమరిది పంపు అందుకున్నాడు. బావ ఎంత గట్టిగా కొట్టాలో చెబుతూ పక్కన నిలబడ్డాడు, అరికాలు కిందికి వంగి చూసుకుంటూ. నిన్నటి బూట్లు గదిలోకే వేసుకొచ్చాడు మరి.