తిరుచానూరు ప్లీడరు కూర్చున్న కుర్చీ

పార్లమెంటు సమావేశాలు మొదలైన ప్రతిసారీ ప్లకార్డులు, వాయిదాలు, సస్పెన్షన్లు. రోజూ చదివే వార్తలే కాబట్టి ఆ గొడవ మళ్ళీ చెప్పను. అలాంటి రోజుల్లో నాకు మాత్రం మాడభూషి అనంతశయనం అయ్యంగార్ గుర్తొస్తారు. 1891లో తిరుచానూరులో పుట్టి, లెక్కల మాస్టారుగా కొన్నాళ్ళు చేసి, 1915లో నల్లకోటు తొడుక్కున్న మనిషి. 1934లో ఢిల్లీలోని కేంద్ర శాసనసభకు వెళ్ళారు, క్విట్ ఇండియాలో జైలుకు వెళ్ళారు, రాజ్యాంగ సభలో కూర్చున్నారు, లోక్‌సభ మొదటి డిప్యూటీ స్పీకర్ అయ్యారు, 1956లో మొదటి స్పీకర్ మావలంకర్ పోయాక స్పీకర్ అయ్యారు. ఈ పదవులన్నిటికన్నా నాకు ఆయనలోని ప్లీడరే పెద్దగా కనిపిస్తాడు.

చిన్న ఊరి ప్లీడరీ అంటే ఏమిటో కోర్టు వరండాలో నిలబడ్డవాళ్ళకి తెలుసు. మా ఊరి మున్సిఫ్ కోర్టులో ఒకసారి పొలం గట్టు తగాదా చూశాను. ముసలి ప్లీడరుగారు పాత దస్తావేజు ముందురాత్రే అక్షరం వదలకుండా చదువుకుని వచ్చారు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎదుటిపక్షం సాక్షిని అడిగింది ఒక్కటే: "ఆ రోజు తూర్పువైపు కాలవ దాటి చేలోకి వెళ్ళానన్నావు గదా, నీళ్ళు ఎంతవరకూ ఉన్నాయి?" "మోకాళ్ళదాకా అండి" అన్నాడు సాక్షి. ఆ సంవత్సరానికి అక్కడ కాలవే తవ్వలేదు, దస్తావేజులో తూర్పు హద్దు డొంక అని రాసి ఉంది. ఆయన గొంతు పెంచలేదు, కాగితం జడ్జిగారికి అందించి కూర్చున్నారు.

అయ్యంగార్ ఢిల్లీకి పట్టుకెళ్ళింది ఈ అలవాటునే అని నా గట్టి నమ్మకం. బ్రిటిష్ వాళ్ళ సభలో ఆయన ధాటి చూసి ఓ యూరోపియన్ పత్రిక ఎమ్డెన్ అని పేరు పెట్టింది. 1914లో మద్రాసు మీద గుండ్లు కురిపించి మాయమైన జర్మన్ యుద్ధనౌక అది, ఆ పేరు చెబితే నగరమంతా హడలిపోయిన రోజులుండేవి. స్వాతంత్ర్యం వచ్చాక 1950లో ఎస్టిమేట్స్ కమిటీ పెట్టినప్పుడు మొదటి ఛైర్మన్ ఆయనే. ప్రభుత్వ శాఖల అంచనాలు ముందేసుకుని, ఈ డబ్బు ఎందుకు, ఇంతకన్నా తక్కువలో కాదా అని అధికారుల్ని కూర్చోబెట్టి అడిగే కమిటీ అది, అచ్చం ప్లీడరు పనే. 1957 డిసెంబరులో ఎల్‌ఐసీ డబ్బు దాదాపు కోటీ పాతిక లక్షలు హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల్లో ఎందుకు పెట్టారని ఫిరోజ్ గాంధీ, అధికార పార్టీ ఎంపీ అయి ఉండీ, పైగా ప్రధాని అల్లుడై ఉండీ, లోక్‌సభలో నిలదీసినప్పుడు స్పీకర్ కుర్చీలో ఉన్నది అయ్యంగారే. రెండు నెలలు తిరక్కుండానే ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. అధికార పార్టీ సభ్యుడు సొంత మంత్రిని సభలోనే ప్రశ్నించగలిగిన కాలం అది!

అప్పటి సభ నిండా ఇంగ్లీషు చదువుల అగ్రకులాల లాయర్లే కదా, ఇప్పుడు అన్ని వర్గాలవాళ్ళూ వచ్చారు, అది మేలు కాదా అంటారు కొందరు. మేలే, నూటికి నూరుపాళ్ళు మేలే. ప్రశ్న అడగడం బార్ అసోసియేషన్ సొత్తేమీ కాదు, రైతు అయినా టీచరమ్మ అయినా కాగితం చదివితే అడగగలరు. కానీ అడిగే టైమేదీ, అడగనిచ్చేదెవరు?

నా బాధంతా ఇక్కడే. మొదటి లోక్‌సభ ఐదేళ్ళలో 677 రోజులు కూర్చుంది, 17వ లోక్‌సభ 274 రోజులు. దానికి తోడు 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చాక పార్టీ విప్ (ఇలాగే ఓటెయ్యాలన్న హుకుం) జారీ చేస్తే బిల్లు రాత్రంతా చదివినవాడూ అట్ట కూడా తిప్పనివాడూ వేసే ఓటు ఒక్కటే అయింది, కాదంటే సీటు పోతుంది, ఇక చదవడానికి ఎవరికి మనసొప్పుతుంది? ఫిరాయింపుల్ని ఆపడానికి తెచ్చిన చట్టాన్ని ప్రభుత్వం నిలబడాలా వద్దా అని తేల్చే ఓటింగుకే పరిమితం చేసి, మామూలు బిల్లుల మీద సభ్యుణ్ణి వదిలెయ్యాలి. ఏ పార్టీ ఒప్పుకోదని తెలిసే అడుగుతున్నాను.

సభ తన పనిని ఎంత తేలిగ్గా తీసుకుంటోందో తెలియాలంటే అయ్యంగార్ కూర్చున్న కుర్చీనే చూడండి. స్పీకర్‌నీ డిప్యూటీ స్పీకర్‌నీ వీలైనంత త్వరగా ఎన్నుకోవాలని రాజ్యాంగం 93వ అధికరణం చెబుతుంది. మొదటి లోక్‌సభ 1952 మే 13న కొలువుదీరింది, మే 30 కల్లా తిరుచానూరు ప్లీడరు డిప్యూటీ స్పీకర్ అయ్యారు. 17వ లోక్‌సభ 2019లో మొదలై 2024లో ముగిసేదాకా ఆ కుర్చీకి ఎవర్నీ ఎన్నుకోలేదు.