రథసప్తమి నాడు నిప్పు లెక్క చెప్పాలి

టెక్కలి దగ్గర మా మేనత్తగారి ఊళ్లో ఒక మార్చి మధ్యాహ్నం వీధి వీధంతా తగలబడింది. అన్నీ తాటాకు ఇళ్లే, చూరుకి చూరు ఆనుకుని ఉండేవి. మగవాళ్లు చాలామంది చెన్నై, హైదరాబాద్ పనులకు పోయి ఉన్నారు. షాక్ కొడుతుందని ముందు కరెంటు తీయించారు. మంచి పనే, కానీ దాంతో బోరు మోటార్లన్నీ ఆగిపోయాయి. మిగిలింది చేతిపంపు ఒక్కటి. ఫైరింజను వచ్చేలోపు ఆడవాళ్లు బిందెలతో నీళ్లు మోస్తుంటే, కుర్రాళ్లు దోటీలతో పక్క వరస కప్పులు లాగి పడేసి నిప్పుని ఆపారు. మర్నాడు నేను వెళ్లేసరికి అత్త బూడిదని చాటలో పోసి చెరుగుతోంది. కరిగి ముద్దయిన వెండి పట్టీలు దొరికాయి. పాస్‌పుస్తకం దొరకలేదు.

అందుకే, ఇళ్లలో అగ్నిభద్రత కోసం ఏటా ఒక రోజును చట్టంలోనే పెట్టాలన్న మాటని నేను తేలిగ్గా తీసుకోలేను. అమెరికాలో రాష్ట్రాల చట్టసభలు ఇలాంటి రోజులకు బిల్లులు పాస్ చేస్తుంటాయి. గవర్నరు ఏటా ప్రకటన చేసి తీరాలని కొన్నిచోట్ల చట్టంలోనే రాసి ఉంటుంది. మన దగ్గర ఇలాంటివి ఎక్కువగా జీవోలు, సర్క్యులర్ల మీద నడుస్తాయి. ఆఫీసరు మారితే ఊపు తగ్గిపోతుంది. చట్టంలో ఉంటే నిలదీసి అడగొచ్చు.

ఏటా ఏప్రిల్ 14న జరిపే అగ్నిమాపక సేవా దినం ఉంది కదా అంటారు. 1944లో ఆ రోజు బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ పేలింది. మంటలార్పడానికి వెళ్లిన సిబ్బంది పదుల సంఖ్యలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లకి దండం పెట్టాల్సిందే. అయితే అది ఆ సిబ్బందిని తలుచుకునే రోజు. పైగా ఏప్రిల్ మధ్యకి తాటాకు పెళపెళలాడుతూ ఉంటుంది, అప్పటికే కొన్ని వీధులు కాలిపోయి ఉంటాయి. శ్రీకాకుళం జిల్లాకి తేదీ చెప్పమంటే నేను రథసప్తమి అంటాను. అరసవల్లిలో జనం కిటకిటలాడే రోజు, ఇళ్లలో పిడకలు రాజేసి పాలు పొంగించే రోజు. ఎండలు ముదిరేది అక్కడి నుంచే అని పెద్దవాళ్ల లెక్క. కప్పు బాగు చేసుకోవడానికి, గడ్డివాము ఇంటికి దూరంగా వేసుకోవడానికి వ్యవధి కూడా దొరుకుతుంది.

మన ఫైర్ సర్వీస్ చట్టం 1999 నాటిది. అందులో ఫైర్ శాఖ అనుమతి తీసుకోవాల్సిన నివాస భవనాలు 18 మీటర్లు, ఆపైన ఎత్తున్నవి. మా అత్త ఇంటి చూరు కింద నేను వంగి నడిచేవాణ్ణి.

కాబట్టి కొత్త చట్టం ఊరికే రోజు ప్రకటిస్తే చాలదు. ఆ రోజు ప్రతి పంచాయతీలో గ్రామసభ పెట్టాలి. కిందటేడు మండలంలో ఎన్ని ఇళ్లు కాలాయి, ఎందుకు కాలాయి, బండి ఎంతసేపటికి వచ్చింది, పరిహారం ఎవరికి అందలేదు అన్నది చదివి వినిపించాలి. ‘షార్ట్ సర్క్యూట్’ అని ఒక్క మాట రాసి ఫైలు మూసేయడం ఇక కుదరకూడదు. ఆ వైరు ఎన్నేళ్ల నాటిది, ఎన్ని అతుకులున్నాయి అన్నది కూడా రాయాలి.

గ్యాస్ సంగతీ అంతే. మా పల్లెల్లో చాలా వంటిళ్లలో కట్టెల పొయ్యి, గ్యాస్ పొయ్యి పక్కపక్కనే ఉంటాయి. గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే నేలబారున పరుచుకుంటుంది. అడుగు దూరంలో నివురు కింద నిప్పు ఉండనే ఉంటుంది. సిలిండర్ పైభాగాన పట్టీ మీద సీ-27 అని ఉంటే 2027 సెప్టెంబరు లోపు దాన్ని మళ్లీ పరీక్షకు పంపాలని అర్థం. లీకైతే 1906కి ఫోన్ చేయాలి. ఈ రెండూ మా అత్తకి నేను చెప్పేదాకా ఎవరూ చెప్పలేదు. రథసప్తమి ముందు వారంలో సిలిండర్ దించే కుర్రాడు వంటింట్లోకి వచ్చి, ఆ నారింజ రంగు ట్యూబుని చేత్తో వంచి చూడాలి. పగులుంటే అక్కడికక్కడే మార్చాలి.

అత్త అడిగింది మాత్రం ఇంకొకటి. కరెంటు తీసేసినా నీళ్లు తోడే డీజిల్ ఇంజను ఊరికొకటి కావాలంది. బిల్లు రాసేవాళ్లు ముందు ఆ సెక్షన్ రాయాలి.