గట్టెక్కని మెంటర్

మా మేనల్లుడు విడవలూరు దగ్గర రెండెకరాల రొయ్యల గుంట లీజుకి తీసుకున్నాడు. రొయ్యపిల్లల సీడ్ కొనకముందే మెంటర్‌ను కొన్నాడు. తప్పేం లేదు. ఈ రోజుల్లో మెంటర్‌ను అడక్కుండా పెళ్లిచూపులకు కూడా పోకూడదు.

అసలు మెంటర్ అనేవాడు గ్రీకు పురాణంలో ఒక పెద్దమనిషి. ఒడిస్సియస్ యుద్ధానికి పోతూ ఇల్లూ వాకిలీ ఆయనకు అప్పగించాడు. తిరిగొచ్చేసరికి ఇరవై ఏళ్లు. ఈలోగా ఒడిస్సియస్ భార్యను పెళ్లాడతామంటూ ఊళ్లో మగాళ్లంతా ఇంట్లో తిష్ట వేసి, గొడ్లను కోసుకు తింటున్నారు. కొడుక్కి దారి చూపిందీ మెంటర్ కాదు, ఆయన వేషంలో వచ్చిన ఎథీనా దేవత. పేరు ఒకరిది, పని ఇంకొకరిది. ఈ సంప్రదాయాన్ని మనవాళ్లు చెక్కుచెదరనీయలేదు.

మనకూ శల్యుడున్నాడు. ఆ కర్ణపర్వాన్ని తెలుగు చేసింది నెల్లూరు తిక్కనే కాబట్టి, శల్యసారథ్యంలో మన జిల్లాకు 13వ శతాబ్దం నుంచే అనుభవం. అయితే శల్యుడు నోటితో ఎంత తిట్టినా చేత్తో కళ్లేలు పట్టుకున్నాడు. ఇప్పటి మెంటర్ రథం ఎక్కడు. లింకు పంపిస్తాడు.

టంగుటూరి ప్రకాశం గారి సంగతే నాకు మింగుడుపడదు. ఒంగోల్లో తల్లి పూటకూళ్లు నడిపి పెంచుతుంటే, మాస్టారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు ఆయన్ను వెంట రాజమండ్రి తీసుకుపోయి చదివించారు. ప్యాకేజీ లేదు, సర్టిఫికెట్ లేదు. ఇలాంటి వాళ్ల వల్లే ఈ వృత్తి ఇన్నాళ్లూ వెనకబడింది.

మావాడి మెంటర్ సలహా ఒక్కటే: తెల్లవారుజామున ఐదింటికి లేచి, ఫోన్ సైలెంట్‌లో పెట్టి, కళ్లు మూసుకుని కోటి రూపాయలు ఊహించుకోవాలి. గుంట కాపలా ఆయన మూడింటికే లేచి, కళ్లు తెరుచుకుని నీళ్లు చూస్తాడు. తెల్లారేముందే కదా ఆక్సిజన్ పడిపోయేది! మొన్న కరెంటు పోయి, నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోయినాయి. రొయ్య పైకి తేలతా ఉంది. జనరేటర్ గది తాళంచెవి మావాడి దగ్గర, మావాడు కోటి రూపాయల దగ్గర. కాపలా ఆయన ఏడుసార్లు ఫోన్ చేసి, ఇక లాభం లేదని గడ్డపారతో తాళం పగలగొట్టాడు.

"చూశావా, నీ టీమ్‌లో చొరవ పెరిగింది" అన్నాడట మెంటర్. "ఆయన గుంట ఏ ఊళ్లో అబ్బయా?" అని కాపలా ఆయన అడిగితే మావాడు మాట మార్చాడు.

నెలాఖర్లో కొత్త తాళం ఖరీదు ఆయన జీతంలో పట్టుకున్నాడు. ఖర్చుల అదుపు నాలుగో వారం పాఠమట.