కనబడుటలేదు: ఆరు హార్డ్ డిస్కులు

హనుమకొండలో ఒక ఆఫీసు ఉంది. పేరు చెప్పను. చెప్పకున్నా మీకు తెలుసు, మీరూ అక్కడ ‘సర్వర్ డౌన్’ కాగితం చూసి తిరిగొచ్చినవాళ్లే. ఆ ఆఫీసు ఈమధ్య ఆధునికమైంది. సర్క్యులర్ వచ్చింది కాబట్టి కాక తప్పలేదు. సర్వర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ సెంటాస్ 7కు 2024 జూన్ 30తో సపోర్టు ఆగిపోయింది, కాబట్టి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి ఫొటోలతో సహా నివేదిక పంపాలని ఆదేశం. ఖర్చు అన్న గడిలో సున్నా.

సర్వరేమో డెల్ పవర్‌ఎడ్జ్ ఆర్710. 2009 నాటి మోడల్, తెలంగాణ రాష్ట్రం కంటే ఐదేళ్లు పెద్ద. 2016లో వరంగల్ జిల్లా ముక్కలవడం చూసింది, 2021లో వరంగల్ అర్బన్ కాస్తా హనుమకొండ కావడం చూసింది. రెండుసార్లూ దానిమీద స్టిక్కర్ మారింది. లోపల డిస్కులన్నిటినీ కలిపి నడిపే కార్డు, పెర్క్ 6 రెయిడ్ కంట్రోలర్ మాత్రం మారలేదు.

మంచిరోజు చూసి ముహూర్తం పెట్టారు. కొబ్బరికాయ సర్వర్ గదిలోనే కొట్టారు. నీళ్లు రాక్ మీద చిందకుండా టెక్నీషియన్ అడ్డం నిలబడ్డాడు. ఆరోజు జరిగిన ఏకైక సాంకేతిక చర్య అదే. ఒక డిస్కు దగ్గర లైటు పచ్చగా, పసుపుగా మారుతూ మిణుకుమంటోంది, అంటే ఆ డిస్కు పోయేలా ఉందని అర్థం. సూపరింటెండెంట్ సారు సరిగ్గా ఆ లైటు మీదే కుంకుమ బొట్టు పెట్టారు. లైటు కనిపించడం ఆగింది, సమస్య తీరింది.

తర్వాత కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ రెడ్‌హ్యాట్ 8ను ఎక్కించే ఇన్‌స్టాలర్ మొదలైంది. కాసేపు ఆలోచించి, డిస్కులేవీ లేవని తేల్చింది.

“ఏం తమ్మీ, ఆరు డిస్కులు కండ్ల ముంగట మెరుస్తుంటే లేవంటదేంది?”

“ఉన్నయ్ సార్. ఈ పాత కంట్రోలర్‌కు సపోర్టు కొత్త వెర్షన్‌ల తీసేసిండ్రు. గందుకే దానికి కనవడ్తలేవు.”

ఈ జవాబు మినిట్స్‌లోకి ఎక్కలేదు. ‘ఆరు డిస్కులు లేవు’ అన్నది మాత్రం ఎక్కింది. ఆఫీసు ఆస్తి మాయమైతే ఏం చేయాలో నిబంధనల్లో ఉంది కదా, చేశారు. వాచ్‌మన్‌ని పిలిచి రాత్రి ఎవరొచ్చారని అడిగారు. స్టాక్ రిజిస్టర్ తెప్పించారు. ముగ్గురు సభ్యుల కమిటీ సర్వర్ ముందు కుర్చీలు వేసుకుని పంచనామా రాసింది: “డిస్కులు ఆరు యథాస్థానమున ఉన్నవి. అయినను లేవు.” ముగ్గురూ సంతకం పెట్టారు. పోలీసు కంప్లయింట్ ఇవ్వాలా అన్నదానిమీద మధ్యాహ్నం దాకా చర్చ. పోయిన సొత్తు పోయినచోటే ఉంటే రికవరీ ఎక్కడ చూపించాలన్నది పెద్ద చిక్కు. ఒక సభ్యుడు ధైర్యం చేసి, “పదో వెర్షన్ వచ్చిందంట గదా, ఎనిమిది ఎందుకు?” అన్నాడు. 2025లో వచ్చిన ఆ పదో వెర్షన్‌కు ఏవీఎక్స్2 అనే లెక్కల సదుపాయం ఉన్న ప్రాసెసర్ కావాలి. ఇంటెల్‌లో అవి 2013 నుంచి వచ్చినవి. ఎనిమిది కనీసం లేచి డిస్కులు లేవని చెప్పింది. పది లేవనే లేవదు.

టెక్నీషియన్ దగ్గర మందు ఉంది. రెడ్‌హ్యాట్‌కు డ్రైవర్లు తయారుచేసే ఈఎల్‌రెపో వాళ్లిచ్చే ‘డ్రైవర్ డిస్కు’ను, అంటే పాత కంట్రోలర్‌ను గుర్తుపట్టించే ఫైలును, పెన్‌డ్రైవ్‌లో వేసి పెడితే ఇన్‌స్టాలర్‌కు డిస్కులు కనిపిస్తాయి. లేదా రెడ్‌హ్యాట్ లాంటిదే అయిన అల్మాలినక్స్ వేయొచ్చు. తీసేసిన పాత కంట్రోలర్లను వాళ్లు 9.4 వెర్షన్‌లో మళ్లీ కలిపారు. రెండూ ఉచితమే. కానీ పెన్‌డ్రైవ్ పెట్టాలంటే హైదరాబాద్ అనుమతి కావాలి, అల్మా అన్న పేరు సర్క్యులర్‌లో లేదు. “ముందుగాల బ్యాకప్ తీద్దాం సార్, ఒక డిస్క్ కొనియ్యుండ్రి” అని కూడా అడిగాడు. ఇండెంట్ పెట్టుకొమ్మన్నారు.

బయట ‘డిజిటల్ ఆధునికీకరణ’ అని గోడంత ఫ్లెక్సీ. దానికి పైసలెక్కడివి? టెంటుకు, సమోసాలకు ఎక్కడివి? డిస్కులను కలిపి డేటా దాచే ఆ రెయిడ్ 5 పద్ధతిలో ఒక డిస్కు పోతే తట్టుకుంటుంది, రెండోది పోతే మొత్తం పోతుంది. అందులో ఉన్నవి మీ అయ్య జాగీరు కాగితాలు కాదు. నర్సంపేట నుంచి, పరకాల నుంచి కూలి పోగొట్టుకుని బస్సెక్కి వచ్చే మనుషుల రికార్డులు. బ్యాకప్ లేదని తెలిసీ బొట్టు పెట్టి చేతులు దులుపుకున్నారే, సిగ్గనిపించలేదా? పైగా మెమో ఎవరికి? నెలల తరబడి జీతం రాకపోయినా డ్యూటీకొచ్చే ఔట్‌సోర్సింగ్ పిల్లగాడికి. ‘డిస్కులు కనిపించకపోవుటకు బాధ్యుడు’ అట!

ఇన్‌స్టాలర్ దేన్నీ ముట్టలేదు కాబట్టి, రీబూట్ చేయగానే పాత సెంటాస్ 7 లేచి కూర్చుంది, డిస్కులూ ‘దొరికాయి’. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌ను సూపరింటెండెంట్ గారి బల్లమీది కంప్యూటర్‌లో వేసి, ఫొటో తీసి, నూరు శాతం పూర్తి అని నివేదిక పంపారు. సొత్తు రికవరీ చేసినందుకు కమిటీకి ప్రశంసాపత్రం వచ్చింది. వాచ్‌మన్ మీద విచారణ మూసేశారు. పిల్లగాడి మెమో మాత్రం అట్లే ఉంది. ఔట్‌సోర్సింగ్ వాళ్ల మెమో రద్దు చేసే ఫారం ఆ ఆఫీసులో లేదట.